బయానా ఇవ్వకముందు ఇంటిని చూచితిరా?



పల్లెల నుండి వచ్చి అల్వాల్ ప్రాంతములో ఇల్లు కొనదలచిన కుటుంబములు మా సంఘమునకు తరచుగా వచ్చుచుందురు. కుమారునికి సికింద్రాబాదులో ఉద్యోగము దొరకును. ఊరిలో ఉన్న ఎకరమో అరెకరమో అమ్ముదురు. లోతుకుంట, అల్వాల్, మచ్చబొల్లారము వైపు ఒక పాత ఇల్లు వెదకుదురు. కుదిరిన తరువాత మా యొద్దకు వచ్చి ప్రార్థన చేయుమందురు. సంతోషముగా చేయుదుము. అయితే "ఇల్లు బాగుగా చూచితిరా?" అని మేము అడిగినప్పుడు వచ్చు జవాబు ఎప్పుడును ఒకటే: "చూసినమయ్యగారూ, కాయితాలన్నీ వకీలుకు చూపెట్టినం."

కాగితములు చూచుట వేరు, ఇంటిని చూచుట వేరు. ఈ నెల ఆ రెండవదానిని గూర్చి వ్రాయుచున్నాము.

కాగితములు అక్కరలేదని కాదు. ఈసీ తీయించవలెను, లింకు డాక్యుమెంట్లు చూడవలెను, ఇంటి పన్ను, కరెంటు, నల్లా బాకీలు అడుగవలెను. కాని ఈసీలో ఉండునది ఆ ఆస్తిపై రిజిస్టరైన క్రయవిక్రయములు, తాకట్లు మాత్రమే. స్లాబులోని ఇనుము తుప్పు పట్టినదని ఈసీ చెప్పదు. వానకాలములో వీధి నీరంతయు ఈ వాకిటికే వచ్చునని వకీలుగారు చెప్పలేరు. మన రైతు ఎద్దుల జత కొనునప్పుడు పండ్లు పట్టి చూచును, నడిపించి చూచును, కాడి కట్టి ఒక చాలు దున్నించి చూచును. అదే రైతు జీవితమంతటి కష్టార్జితము పెట్టి కొను ఇంటిని ఇరువది నిమిషములు చూచి బయానా ఇచ్చివచ్చును! ఆ ఇరువది నిమిషములలో పది వంటిల్లు ఏ మూలనున్నదో చూచుటకే పోవును. వాస్తు మాకు పట్టింపు లేదని చెప్పుకొను మన కుటుంబములు కూడ ఈ విషయములో ఏమంత వెనుకబడి లేవు.

లేవీయకాండము 14వ అధ్యాయము చివరి భాగమును చదివినవారు మనలో తక్కువమంది. ఇంటి గోడకు పొడ వచ్చినప్పుడు ఏమి చేయవలెనో అక్కడ ఉన్నది. ఇంటి యజమానుడు తానే వెళ్లి యాజకునికి చెప్పవలెను. యాజకుడు రాకముందు ఇల్లు ఖాళీ చేయించవలెను. అతడు గోడలోని పల్లపు చారలను, వాటి రంగును చూచి, ఏడు దినములు ఇల్లు మూయించి, మరల వచ్చి చూడవలెను. పొడ వ్యాపించినయెడల ఆ రాళ్లు ఊడదీయించి, గోడ గీయించి, క్రొత్త రాళ్లు పెట్టి, క్రొత్త అడుసు పూయించవలెను. అప్పటికిని మరల వచ్చెనా, ఇల్లు పడగొట్టవలసినదే. సామాను అడ్డము లేకుండ చూచుట, కొన్ని దినములు గడిచిన తరువాత రెండవసారి చూచుట, ఈ రెండును నేటి ఇంజనీరు కూడ మనకు చెప్పు మాటలే.

అమెరికాలో ఇల్లు కొను మన తెలుగువారిని అడిగి చూడండి. బేరము కుదిరిన తరువాత, సొమ్ము చెల్లించకముందు, హోమ్ ఇన్‌స్పెక్టరు అనబడు మనిషి వచ్చి పైకప్పు నుండి నేల వరకు చూచి నివేదిక వ్రాసి ఇచ్చును. అక్కడ ఈ పనివారికి 1976 నుండి ఒక సంఘమే ఉన్నది. పెద్ద లోపము బయటపడినయెడల కొనువాడు వెనుకకు తగ్గవచ్చునని ఒప్పందములోనే షరతు వ్రాసికొందురు. మన యొద్ద అది ఇంకను అలవాటు కాలేదు. నగరములో ఈ పని చేయు కంపెనీలు కొన్ని వచ్చినవి గాని, వాటి కొరకే ఆగనక్కరలేదు. ఒక సివిల్ ఇంజనీరును, ఒక ముసలి మేస్త్రిని, ఒక ఎలక్ట్రీషియనును ఒక పూట పిలుచుకొని పోయిన చాలును. వారు అమ్మువాని మనుషులు గాని, మధ్యవర్తి చూపిన మనుషులు గాని కాకూడదు. వారికిచ్చు కూలి ఇంటి వెల ముందర ఎంత?

వారు ఏమి చూతురో మీరును తెలిసికొనుడి. ప్లాస్టరు మీద వెండ్రుకవలె సన్నగా పోవు పగుళ్లకు భయపడనక్కరలేదు. కిటికీ మూల నుండి, ద్వారబంధము మూల నుండి ఏటవాలుగా మెట్లు మెట్లుగా పోవు పగులు వేరు. పునాది ఒక ప్రక్క క్రుంగినదేమో అని అనుమానించవలెను. స్లాబు అడుగున పెచ్చులు ఊడి, ఇనుప చువ్వ ఎఱ్ఱగా కనబడినచో అది రంగుతో పోవు జబ్బు కాదు. తుప్పు అసలు ఇనుము కంటె ఎక్కువ చోటు తీసికొనును గనుక లోపలి నుండి కాంక్రీటును పగులగొట్టుచునే యుండును. గోడ క్రింది భాగమున ఉప్పు పట్టినదా, టైల్సు మీద నాణెముతో కొట్టినప్పుడు డొల్ల శబ్దము వచ్చుచున్నదా, బాత్రూము వెనుక గోడకు చెమ్మ ఉన్నదా చూడుడి. ఒక్క గదికి మాత్రమే క్రొత్త రంగు వేసినచో ఎందుకని అడుగుడి. ఎర్తింగు ఉన్నదో లేదో ఎలక్ట్రీషియను చెప్పును. బోరు వేసవిలో చూడవలెను, కప్పు వానలో చూడవలెను. రెండును కుదరనప్పుడు ఇరుగుపొరుగు ఆడవారిని అడుగుడి. వారికి తెలియనిది ఉండదు.

మంజూరైన ప్లానును చేతిలో పట్టుకొని ఇంటిని సరిచూడుడి. 2007 ఏప్రిల్ వరకు అల్వాల్ వేరుగా ఒక మున్సిపాలిటీ, ఆ తరువాతనే మహానగర పాలక సంస్థలో కలిసినది గనుక, పాత ప్లానులు ఆ పేరుననే ఉండును. ప్లానులో ఒక అంతస్తు ఉండి, కండ్ల ముందు మూడు ఉన్నచో, ఆ పునాది మిగిలిన రెండింటిని మోయుటకు వేసినది కాకపోవచ్చును.

నీటి సంగతి కొంచెము ఎక్కువ చెప్పవలెను. మేమెరిగిన ఒక కుటుంబము 2020 ఫిబ్రవరిలో ఈ ప్రాంతముననే ఇల్లు కొన్నది. ఎండ కాయుచున్నది, గోడలు మెరయుచున్నవి, కాగితములు శుద్ధముగా ఉన్నవి. ఆ అక్టోబరులో నగరమంతట కుంభవృష్టి కురిసి ఎన్నో కాలనీలు మునిగినప్పుడు వెనుక గదిలో మోకాలి లోతు నీరు నిలిచినది, సంపులో మురుగు కలిసినది. కారణము చూడగా, వీధిలో రోడ్డు మీద రోడ్డు వేయుచు రాగా ఇల్లు రోడ్డు కంటె అడుగున్నర క్రిందికి పోయియున్నది. గేటు యొద్ద నిలిచి రోడ్డు వైపు చూచియుండిన ఎవరికైనను తెలియు సంగతి అది. మరమ్మతులకు అమ్మాయి పెండ్లికి దాచిన సొమ్ము తీసిరి.

మరియొకటి, అల్వాల్‌లో చిన్నరాయుని చెరువు, కొత్త చెరువు వంటివి ఉన్నవి. చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు నిలుచు హద్దును ఎఫ్.టి.ఎల్. అందురు. 2012 నాటి భవన నిబంధనల ప్రకారము 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఆ హద్దు నుండి 30 మీటర్లు, అంతకు చిన్నదైనచో 9 మీటర్లు ఖాళీగా విడువవలెను. రిజిస్ట్రేషను అయినది, పన్ను కట్టుచున్నాము అనుట దీనికి జవాబు కాదు. 2024 జూలైలో హైడ్రా ఏర్పడి కూల్చివేతలు మొదలైనప్పటి నుండి ఈ మాట అందరికిని తెలిసినది. చెరువు ప్రక్కనున్న ఇంటికి బయానా ఇచ్చువారు ముందుగా హెచ్.ఎం.డి.ఎ. వారి చెరువు పటమును చూచుట మంచిది.

చట్టమేమి చెప్పుచున్నది? 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము, 55వ సెక్షను ప్రకారము, అమ్మువాడు తనకు తెలిసిన ముఖ్యమైన లోపమును కొనువానికి చెప్పితీరవలెను. చెప్పకపోవుట మోసమని ఆ సెక్షనే అనుచున్నది. అయితే అది ఏ లోపము? కొనువానికి తెలియనిది, సాధారణ జాగ్రత్తతో చూచినను అతనికి కనబడనిది. అనగా రోడ్డు కంటె క్రిందనున్న ఇంటిని గూర్చి "నాకు చెప్పలేదు" అని కోర్టుకు పోవుట కష్టము. క్రొత్త అపార్టుమెంటు అయినయెడల, 2016 నాటి రెరా చట్టము క్రిందికి వచ్చునదైనచో, స్వాధీనము చేసిన ఐదేండ్ల లోపల బయటపడిన నిర్మాణ లోపమును తెలియజేసిన 30 దినములలో బిల్డరు ఉచితముగా సరిచేయవలెను. ఒకరు కాపురముండి అమ్ముచున్న పాత ఇండిపెండెంటు ఇంటికి ఆ ఆసరా లేదు.

ఇండ్లు అమ్ముచున్నవారికి ఒక మాట. లేవీయకాండములో మొదట నోరు తెరచినవాడు ఇంటి యజమానుడే. కొనువానికంటె ముందు మీరే మేస్త్రిని పిలిచి చూపించుకొనుడి. చిన్నవి బాగుచేయించుడి, చేయించలేనిదానిని చెప్పి వెల తగ్గించుడి. కారుచున్న స్లాబుకు పండుగ ముందర సున్నము కొట్టించి అమ్ముట మనవారిలోను ఉన్నది, ఆ ఇంటివారే ఆదివారము మన ప్రక్కన కూర్చుందురు.

బయానా కాగితము వ్రాయునప్పుడు ఈ వాక్యము చేర్పించుడి: "పదిహేను దినములలో కొనువారు తమ ఇంజనీరుచే ఇంటిని పరీక్ష చేయించుకొందురు, పునాది, స్లాబు, నీరు, చెరువు హద్దు విషయములో పెద్ద లోపము కనబడినయెడల బయానా పూర్తిగా తిరిగి ఇవ్వబడును." మధ్యవర్తి ఇట్టివి ఎవరును వ్రాయరనును. వ్రాయనిచ్చువరకు సొమ్ము సంచిలోనే ఉండనిండు.