ఛాతీ మీద బోర్డు

హైదరాబాద్‌లో పొద్దున్నే ఏ పార్కుకు వెళ్ళినా అమెరికా యూనివర్సిటీలన్నీ మనకు ఎదురు నడిచి వస్తుంటాయి. యూటీ డాలస్, అరిజోనా స్టేట్, నార్త్‌వెస్ట్ మిస్సోరీ. వేసుకున్నవాళ్ళకు అరవై దాటి ఉంటాయి, బీపీ బిళ్ళ మింగి బయల్దేరినవాళ్ళు. పిల్లల పట్టా పండక్కి వెళ్ళినప్పుడు క్యాంపస్ దుకాణంలో కొన్న టీషర్టులవి. కొన్నిటి మీద యూనివర్సిటీ పేరు కింద 'డాడ్' అని కూడా ఉంటుంది. గుడ్డ మంచిది, చెమట పీలుస్తుంది, నడకకు హాయి. అంతకు మించి ఆ తండ్రి మనసులో ఏమీ ఉండకపోవచ్చు. కానీ ఎదురొచ్చే మనిషి కళ్ళజోడు సర్దుకుని చదువుతాడు. చదివి ఊరుకుంటే మనవాడెలా అవుతాడు?

"అబ్బాయా అండీ అక్కడ, అమ్మాయా?"

"అబ్బాయండీ."

"ఎమ్మెస్ అయిపోయిందా? మరి లాటరీలో వచ్చిందా?"

హెచ్1బీ వీసాలు ఏడాదికి 85 వేలు, అడిగేవాళ్ళు అంతకన్నా చాలా ఎక్కువ, అందుకే లాటరీ. ఇంట్లో ఆ మాట ఎత్తితే చాలు, భార్య లేచి వంటింట్లోకి వెళ్ళిపోతోందని పేరైనా తెలియని మనిషికి పార్కులో ఎలా చెబుతాడు? "చూస్తున్నారండీ" అనేసి అడుగు వేగం పెంచుతాడు. అవతలాయనా పెంచుతాడు. "మా మేనల్లుడికి మూడుసార్లు రాలేదండీ. కెనడా వెళ్ళిపోయాడు. ఏం పర్లేదు." ఓదార్పే అది, కాదనను. కానీ ఓదార్చమని అడిగిందెవరు?

చొక్కా అడిగిందంటాను నేను.

రాతల టీషర్టులు వేసుకునేవాళ్ళ ఫిర్యాదు ఎప్పుడూ ఒకటే. ముక్కూమొహం తెలియనివాళ్ళు వచ్చి ప్రశ్నలడుగుతున్నారట, సలహాలిస్తున్నారట, నవ్వుతున్నారట. వీళ్ళ మీద నాకు పెద్దగా జాలి కలగదు. మాట మొదలుపెట్టింది వాళ్ళు. వేసుకున్న మనిషికి ఆ అక్షరాలు పొద్దున అద్దంలో ఒక్కసారి, అదీ తిరగబడి కనిపిస్తాయి. తర్వాత పొద్దుగూకేదాకా చదివేది ఊళ్ళోవాళ్ళే. చదివినవాళ్ళు బదులు చెప్పకూడదంటే ఎలా?

ఒకప్పుడు ఈ తంటా ఇంతగా లేదు. స్క్రీన్ ప్రింటింగులో ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్ కట్టాలి. ఆ ఖర్చు గిట్టాలంటే చొక్కాలు వందల్లో వెయ్యాలి. అందుకని వందలమందికి నచ్చే సరుకే తిరుప్పూరు నుంచి దిగేది: ఒక ఊరి పేరు, ఒక బ్యాండు పేరు, లేకపోతే ఆ గడ్డం చేగువేరా. ఇప్పుడు కంప్యూటర్‌లో గీసింది ఫిల్మ్ మీద ప్రింటు తీసి, జిగురు పొడి చల్లి, హీట్ ప్రెస్ కింద పెట్టి ఒక్క చొక్కా అయినా చేసిస్తున్నారు. దాంతో నలుగురు స్నేహితుల వాట్సాప్ గ్రూపులో పుట్టి అక్కడే పోవలసిన జోకు చొక్కా ఎక్కి బజార్న పడుతోంది.

ఆమధ్య గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో చూశాను. రాజమండ్రిలో ఆరుగురు కుర్రాళ్ళు ఎక్కారు, అందరివీ ఒకే రకం నల్ల టీషర్టులు. ముందువైపు ఒక అబ్బాయి ఫొటో. పైన 'మావాడు అయిపోయాడు' అని, కింద ఒక తారీఖు. ఎదురు సీట్లో ముసలమ్మగారు ఫొటో కేసి చాలాసేపు చూసి, పక్కనున్న కుర్రాడి చెయ్యి పట్టుకుంది. "అయ్యో, చిన్నవాడేనే! ఏం జరిగింది నాయనా?" వాళ్ళు నవ్వు ఆపుకుంటూ, "పెళ్ళండీ మామ్మగారూ, ఆ తారీఖు ముహూర్తం" అన్నారు. ఆవిడకు నవ్వు రాలేదు. శుభమా అని పెళ్ళి చేసుకుంటుంటే ఆ అపశకునపు రాతలేమిటని మొదలుపెట్టి, ఆ పిల్ల చూస్తే ఏమనుకుంటుంది, ఆ పిల్ల తల్లి చూస్తే ఏమనుకుంటుంది, మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళెవరూ చెప్పలేదా అని ఏలూరు దాకా వాయించింది. తాడేపల్లిగూడెం దాటేసరికే ఒకడు సంచీలోంచి గళ్ళ చొక్కా తీసి పైన తొడుక్కున్నాడు. మిగతా ఐదుగురూ పై బెర్తులెక్కి దుప్పటి కప్పుకున్నారు. ఆవిడ పక్షమే నేను.

ఇష్టం లేనివాళ్ళు చూపు తిప్పుకోవచ్చుగా అంటారు. ఈ వాదనకు పెద్ద అండే ఉంది. 1968లో పాల్ కోహెన్ అనే కుర్రాడు, వియత్నాం యుద్ధం కోసం జరుగుతున్న నిర్బంధ సైనిక భర్తీని బూతుమాటతో తిట్టే జాకెట్ తొడుక్కుని లాస్ ఏంజెలస్ కోర్టు వరండాలో కనిపించాడు. 30 రోజుల జైలు వేశారు. 1971లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఆ శిక్ష కొట్టేసింది. చూడలేనివాళ్ళు కళ్ళు పక్కకు తిప్పుకుంటే సరిపోతుందని తీర్పులో జస్టిస్ హార్లన్ రాశారు. జైలు వద్దన్నందుకు ఆయనకు దండం పెడతాను. కళ్ళు తిప్పుకునే దగ్గరే పేచీ. హార్లన్‌గారు సాయంత్రం ఆరింటికి అమీర్‌పేటలో మెట్రో ఎక్కిన మనిషి కాదు. అక్కడ ఎదుటివాడి ఛాతీకీ మన ముక్కుకూ మధ్య జానెడు చోటుండదు. తల ఎటు తిప్పినా ఇంకొకడి చొక్కాయే.

ఇంకో సాకు ఉంది: ఊరికే వేసుకున్నాను, అర్థమేమీ లేదు. 2018 జూన్‌లో మెలానియా ట్రంప్ టెక్సాస్‌లో వలస పిల్లల శిబిరం చూడడానికి బయల్దేరుతూ వేసుకున్న జాకెట్ వీపు మీద, నాకేం పట్టదు, మీకు పడుతుందా అనే అర్థం వచ్చే ఇంగ్లిషు అక్షరాలున్నాయి. అందులో సందేశమేమీ లేదు, అది జాకెట్ అంతే అన్నారు ఆమె ప్రతినిధి. కాదు, అది పత్రికలవాళ్ళకే అన్నారు అదే రోజు భర్తగారు. కొన్నాళ్ళకు టీవీ ఇంటర్వ్యూలో ఆమే, విమర్శించేవాళ్ళ కోసమే వేసుకున్నానని ఒప్పుకున్నారు. ఆ లెక్కన 2020 సెప్టెంబరులో, హిందీ రాదు పోరా అని తమిళంలో అచ్చేయించి వేసుకున్న తమిళనాడు కుర్రకారు నయం. ఎవరితో తగువు పెట్టుకుంటున్నారో వాళ్ళకు తెలుసు. తగువు వచ్చాక మేమేమన్నాం అని ఆశ్చర్యపోలేదు.

చొక్కా తన సొంతం కానివాళ్ళ సంగతి వేరు. ఆఫీసుల వేడుకల్లో పంచిన టీషర్టులు రెండు ఉతుకులయ్యాక పనిమనుషుల చేతికీ, అక్కణ్ణుంచి కూలీల ఒంటి మీదికీ చేరతాయి. మా వీధి చివర కడుతున్న బిల్డింగులో సెంట్రింగు పనిచేసే మేస్త్రీకి అలా ఒకటి వచ్చింది. ఛాతీ మీద పెద్దక్షరాల్లో ఇంగ్లిషులో 'ఫౌండర్' అని ఉంది. టీ బండి దగ్గర, మెడలో ఐడీ కార్డు వేలాడేసుకున్న కుర్రాడొకడు అది చదివి, పక్కవాడికి కన్ను గీటి, "అన్నా, ఏ స్టార్టప్ మనది?" అన్నాడు. మేస్త్రీకి అర్థం కాలేదు. ఏం రాసుందని తన హెల్పర్‌ని అడిగాడు. "కంపెనీ పెట్టినోడంట" అన్నాడు వాడు.

"అవు తమ్మీ, సెంట్రింగు" అన్నాడు మేస్త్రీ, గ్లాసు బండి మీద పెట్టి. "పదకొండు మంది పనోళ్ళున్నరు నా కాడ. మీ ఇంటికేమన్న స్లాబ్ పనుంటే చెప్పు. నంబర్ రాస్కో."

కుర్రాడు ఫోన్ తియ్యక తప్పలేదు.