నడిస్తేనే నిలుస్తుంది

1978 జనవరిలో అమెరికాలోని చికాగో నగరాన్ని మంచుతుపాను ముంచెత్తింది. ఇల్లు కదలలేని ఆ రోజుల్లో వార్డ్ క్రిస్టెన్‌సెన్, రాండీ స్యూస్ అనే మిత్రులు కంప్యూటరులో ఒక ప్రకటన ఫలకాన్ని నిర్మించ సంకల్పించారు. ఫిబ్రవరి 16న అది అందుబాటులోకి వచ్చింది. ఎవరైనా ఫోను ద్వారా అందులో సందేశాలు చదవవచ్చు, వ్రాయవచ్చు. మోడెమ్ అక్షరాలను ధ్వనులుగా మార్చి తీగపై పంపేది. ఉన్నది ఒక్కటే తీగ. ఒకరు వైదొలగితేనే మరొకరికి ప్రవేశం.

ఆనాటి యంత్రాలు మూలపడ్డాయి. అయినా తరువాత డాస్ కాలంలో వచ్చిన ఇటువంటి ప్రోగ్రాములను నేడు డాస్‌బాక్స్ వంటి ఎమ్యులేటర్లు నడపగలుగుతున్నాయి. అవి పాత కంప్యూటరునే కాక మోడెమ్‌ను సైతం అనుకరిస్తాయి. ప్రోగ్రాము ఫోను చేస్తున్నట్లే ఆజ్ఞ ఇస్తుంది. ఎమ్యులేటరు ఆ పిలుపును ఇంటర్నెట్‌కు మళ్ళిస్తుంది.

ఇదంతా వృథా కాలక్షేపమని, ప్రోగ్రామును భద్రపరిస్తే చాలునని కొందరు అనవచ్చు. చాలదని నా అభిప్రాయం. మన పూర్వులు తాటాకు శిథిలమయ్యేలోగా మరో ప్రతి వ్రాసుకొన్నారు. ఆకు పోయినా కావ్యం మిగిలింది. చదివేవారికి అది చాలు. ప్రోగ్రాముకు మాత్రం ప్రతి ఉంటే చాలదు, అది నడవాలి. నడిచినప్పుడే, ఒక్క తీగ కోసం వంతు వేచి, తరువాతివారి కోసం త్వరగా తప్పుకొన్న నాటి మర్యాద మనకు అనుభవంలోకి వస్తుంది. యంత్రాలు పాతబడక తప్పదు. వాటితో మనుషులు మెలగిన తీరును మాత్రం మరుగున పడనీయరాదు.