ఆపరేషన్ అయిన బిడ్డ మళ్లీ ఎందుకు రాలేదు?



ఎండాకాలం సెలవులు వచ్చాయంటే చేతులు, కాళ్లు విరిగిన పిల్లలు ఎక్కువగా వస్తుంటారు. చింతచెట్టు ఎక్కి పడినవారు, ట్రాక్టరు తొట్టి మీద నుంచి జారినవారు, అన్న సైకిలు వెనుక కూర్చుని పడినవారు. చిన్నపిల్లల్లో మోచేతికి కొంచెం పైన ఎముక విరగడం తరచుగా చూస్తాము. ఎముక పక్కకు జరిగితే మత్తు ఇచ్చి, సరిచేసి, సన్నని ఉక్కు తీగలు రెండు మూడు గుచ్చి కట్టు వేస్తారు. పిల్లల ఎముక పెద్దవారి ఎముక కంటే త్వరగా అతుకుతుంది. మామూలుగా 3, 4 వారాలకు తీగలు తీసివేస్తారు. దానికి మళ్లీ ఆపరేషన్ గది అవసరం ఉండదు, కొద్ది నిమిషాల పని.

ఆ కొద్ది నిమిషాల పనికే కొందరు పిల్లలు రారు. ఎందుకు రారన్నదే ఈసారి మనం మాట్లాడుకోవలసిన విషయం.

నెల్లికుదురు మండలంలోని ఒక తండా నుంచి వచ్చిన ఏడేళ్ల బాబును ఊహించుకోండి. ఇది ఏ ఒక్కరి కథా కాదు, ఇలాంటి ఇళ్లన్నిటినీ కలిపి చెబుతున్నాము. ఎండాకాలం పొలం పనులు లేక అమ్మా నాన్న హైదరాబాదులో ఇళ్లు కట్టే పనికి పోయారు. బాబు అవ్వ, తాతల దగ్గర ఉన్నాడు. చెట్టు మీద నుంచి పడ్డాడని ఫోను రాగానే తల్లిదండ్రులు పరుగున వచ్చారు. ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ జరిగింది. నాలుగు రోజులు పనికి పోలేదు కాబట్టి నాలుగు రోజుల కూలి పోయింది. మేస్త్రీ దగ్గర ముందే తీసుకున్న అడ్వాన్సు తీరలేదు. వాళ్లు తిరిగి పోక తప్పలేదు. డిశ్చార్జి చీటీ అవ్వ చేతికి వచ్చింది. ఆమెకు చదువు రాదు. తాతకు చూపు సరిగా లేదు. మళ్లీ రావలసిన తేదీ ఆ చీటీలో ఉన్నా, ఆ ఇంట్లో దాన్ని చదివేవారు లేరు.

బాబు రెండో నెలలో వచ్చాడు. తీగల చుట్టూ చీము పట్టింది. మోచేయి సగమే వంగుతోంది. జూన్‌లో బడి తెరిచారు కానీ అతడు పోలేదు.

ఇలాంటి బిడ్డ వచ్చినప్పుడు ఆసుపత్రిలో మొదట వినబడే మాట "నిర్లక్ష్యం". మా నోట కూడా ఆ మాట వచ్చింది. అది తప్పు మాట అని మా అభిప్రాయం. కూలి వదులుకుని, అప్పు చేసి, రాత్రికి రాత్రి బయలుదేరి వచ్చిన తల్లిదండ్రులకు బిడ్డ మీద శ్రద్ధ లేదని ఎలా అనగలము? వాళ్లకు శ్రద్ధ ఉంది. మళ్లీ రావడానికి దారి లేదు.

2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ పేదవారికి గొప్ప మేలు చేసింది. తెలంగాణలో దాని పరిమితి 2023 డిసెంబరు నుంచి 10 లక్షల రూపాయలు. కానీ పోయిన కూలిని ఏ కార్డూ తిరిగి ఇవ్వదు. అదే డిసెంబరు నుంచి ఆడవారికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితమైంది. తల్లి నెల్లికుదురు నుంచి తొర్రూరు, వర్ధన్నపేట మీదుగా వరంగల్ దాకా టికెట్టు లేకుండా పోవచ్చు. అయితే తండ్రికి, బడికి పోయే కొడుకుకు టికెట్టు కొనవలసిందే. తండా నుంచి బస్సు దొరికే చోటికి ఆటో కిరాయి ఇవ్వవలసిందే.

ఇది మన దగ్గర మాత్రమే ఉన్న కష్టం కాదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో కొందరు డాక్టర్లు 2001లో ఒక పరిశీలన ప్రచురించారు. 50 ఎముకల డాక్టర్ల ఆఫీసులకు ఫోను చేసి, చేయి విరిగిన పిల్లవాడిని ఎప్పుడు తీసుకురావాలని అడిగారు. సొంత ఇన్సూరెన్సు ఉందని చెబితే 50 ఆఫీసులూ వారం లోపు రమ్మన్నాయి. పేదలకు ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్సు ఉందని చెబితే వారం లోపు రమ్మన్నది ఒక్కటే. విరిగిన ఎముక ఒకటే. మారినది ఇంటి స్థితి మాత్రమే.

"పేదవారందరూ ఇలాగే చేస్తారా? ఎంతో మంది సమయానికి వస్తున్నారు కదా" అని కొందరు అంటారు. నిజమే. చాలామంది వస్తున్నారు. వారిని గమనిస్తే వెనుక ఎవరో ఒకరు నిలబడి ఉంటారు. బండి ఉన్న మేనమామ, చీటీ చదివే పక్కింటి అమ్మాయి, తేదీ గుర్తుచేసే ఆశా కార్యకర్త. అలాంటి ఒక్క మనిషి లేని ఇంట్లోనే బిడ్డ వెనుకబడుతున్నాడు. కాబట్టి తల్లిదండ్రులను కోప్పడటం వలన ప్రయోజనం లేదు. ఆ ఒక్క మనిషిని ఏర్పాటు చేయడమే చేయవలసిన పని.

మరో సంగతి. పుత్తూరు కట్టు పేరు వినని తెలుగు ఇల్లు ఉండదు. మన ఊళ్లలో కూడా కట్టు కట్టేవారు ఉన్నారు. జనం వారి దగ్గరికి పోవడానికి కారణం తెలియనితనం మాత్రమే కాదు. ఖర్చు తక్కువ, ఆ పూటే ఇంటికి రావచ్చు, ఎవరూ కసరుకోరు. ఇందులో మేము నేర్చుకోవలసినది ఉంది. అయితే కట్టు ఎవరు కట్టినా, మేము కట్టినా సరే, బిగుతైతే ప్రమాదమే. వేళ్లు నల్లబడినా, నీలంగా మారినా, చల్లబడినా, మొద్దుబారినా, కదపలేకపోయినా, నొప్పి గంట గంటకూ పెరుగుతున్నా తెల్లవారేదాకా ఆగకండి. వెంటనే రండి. కొన్ని గంటల ఆలస్యానికి చెయ్యి ఎప్పటికీ పనికిరాకుండా పోవచ్చు.

ఇంట్లో చేయవలసినవి ఎక్కువ ఖర్చు లేనివే. కట్టు తడవనీయకండి. కట్టు తీసిన తరువాత మోచేతిని నూనె రాసి గట్టిగా పిసకకండి, బలవంతంగా వంచకండి. దాని వలన అక్కడ కొత్త ఎముక పెరిగి బిగుసుకుపోవచ్చు. బిడ్డను తన చేతితోనే అన్నం తిననివ్వండి, తల దువ్వుకోనివ్వండి. అదే మంచి వ్యాయామం. పప్పు, గుడ్డు పెడితే చీము పడుతుందని పత్యం పెట్టకండి. ఎముక అతకడానికి అవే కావాలి. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. రాగి జావ పోయండి.

ఇక ఆసుపత్రులు చేయవలసినది. డిశ్చార్జి రోజున "ఫలానా తేదీకి రండి" అని చెప్పి పంపితే సరిపోదు. మూడు ప్రశ్నలు అడగాలి. ఇంట్లో బిడ్డను ఎవరు చూస్తారు? మళ్లీ ఎలా వస్తారు, ఎవరితో వస్తారు? ఆ రోజు పని మానుకుంటే ఇల్లు గడుస్తుందా? జవాబు చీటీ మీద రాయాలి. తేదీని పని లేని రోజుకు మార్చగలిగితే మార్చాలి. ఇద్దరి ఫోను నంబర్లు తీసుకుని, రెండు రోజుల ముందే గుర్తుచేయాలి.

తల్లిదండ్రులకు మా మనవి: "రాలేము" అని చెప్పడానికి సిగ్గుపడకండి. ముందే చెబితే ఏదో ఒక దారి వెతకవచ్చు. ఆలస్యమైనా సరే, తిడతారని భయపడి ఆగిపోకండి. రెండో నెలలో వచ్చినా, అసలు రాకపోవడం కంటే ఎంతో మేలు.

సంఘ కుటుంబాలకు మరొక మనవి. మీ వీధిలో, మీ పక్క తండాలో చేతికి కట్టుతో ఒక బిడ్డ కనబడితే, ఆ ఇంటివారు ఏ సంఘంవారని, ఏ కులంవారని చూడకండి. "చీటీ ఏది, అవ్వా? ఏ తేదీకి రమ్మన్నారు?" అని అడగండి. వీలైతే ఆ రోజు తోడు రండి. ఎముకను అతికించడం డాక్టరు చేతిలో ఉంది. ఆ బిడ్డ జూన్‌లో పలక పట్టుకుని బడికి పోవడం మాత్రం మన అందరి చేతుల్లో ఉంది.