వాళ్లు వదిలిన పేరు, మమ్మల్ని వదలని పేరు

మాది ఎర్రగుంట్ల మాదిగపల్లె. మా నాయన నాపరాళ్ల గనిలో బండలు లేపే కూలి. ఊళ్లో పెద్దిండ్లల్లో పరిచిన బండలు మా నాయన చేతుల మీదుగా పోయినవే. ఆ బండల మీద కాలు పెట్టే హక్కు మాత్రం ఆయనకు ల్యాకపాయ.

1986లో, పదో తరగతిలో, నేను ఎర్రజెండా పట్టినా. మేడే ఊరేగింపు ముందర పలక కొట్టింది మా చిన్నాయన, జెండా మోసింది నేను. సాయంత్రం ఒక నాయకుని ఇంట్లో రాజకీయ తరగతి. భూమి గురించి, కూలి గురించి నోటుబుక్కు నిండా రాసుకున్నా. తరగతి అయినంక అన్నాలు. లోపల అందరికీ వరసగా వేసినారు. మా ఇద్దరికీ వసారాలో ఆకులు. "లోపల ఇరుకుగా ఉంది కామ్రేడ్" అన్న్యాడాయన. ఇంటికొచ్చి చెప్తే మా యమ్మ అనింది: "వాళ్ల ఇల్లు మనకెప్పుడూ ఇరుకే లేరా."

అప్పట్నుంచి విప్లవ నాయకుల బాల్యాలు వెతికి చదవడం మొదలుపెట్టినా. ఈ ఇరుకు యాడ పుట్టిందో చూద్దామని.

పుచ్చలపల్లి సుందరయ్య 1913లో నెల్లూరు జిల్లా అలగానిపాడులో భూస్వామి ఇంట పుట్టినాడు. పదిహేడేళ్లకే చదువు వదిలి ఉప్పు సత్యాగ్రహంలోకి దూకినాడు. తన ఊళ్లోనే వ్యవసాయ కూలీలను కూడగట్టినాడు. పేరులోంచి రెడ్డిని తీసేసినాడు. తరిమెల నాగిరెడ్డి 1917లో అనంతపురం జిల్లాలో కలిగిన రెడ్ల ఇంట్లో పుట్టి, రిషివ్యాలీలో, మద్రాసు లయోలాలో, కాశీలో చదివినాడు. 1952లో సొంత బావ నీలం సంజీవరెడ్డినే ఎన్నికల్లో ఓడించినాడు. చండ్ర పుల్లారెడ్డిది మా పక్కన వెలుగోడు. వీళ్ల త్యాగాన్ని నేను తక్కువ చేయను. ఆ మాటనడానికి నాకు నోరు రాదు.

మరి వీళ్లు దేనికి విడిపోయినారు? 1964లో పార్టీ రెండుగా చీలింది. 1968 నాటికి నాగిరెడ్డి మార్క్సిస్టు పార్టీతో తెగదెంపులు చేసుకున్నాడు, 1969లో శాసనసభ్యత్వం వదిలేసినాడు. 1971లో నాగిరెడ్డి, పుల్లారెడ్డి కూడా చెరో దారి పట్టినారు. రష్యానా, చైనానా? ఓటా, తుపాకా? ముందు జనాన్ని సిద్ధం చేయాల్నా, వెంటనే ప్రతిఘటించాల్నా? ఇన్ని తగాదాల్లో మాదిగపల్లె ఊరికి బయటనే ఎందుకుందన్న ప్రశ్న మీద ఒక్క చీలికన్నా వచ్చిందా?

తెలియక కాదు. ఆంధ్రలో కమ్యూనిస్టు పార్టీ పుట్టింది 1934లో. రెండేండ్లకే, 1936లో, అంబేద్కర్ 'కుల నిర్మూలన'లో సోషలిస్టులకు సూటిగానే చెప్పినాడు: విప్లవానికి ముందైనా, తర్వాతైనా కులంతో తలపడక తప్పదని. విన్నదెవరు? సుందరయ్య పోయిన రెండు నెలలకే, 1985 జులై 17న, కారంచేడులో మాదిగలను తరిమి తరిమి చంపినారు. తగువు మొదలైంది తాగే నీళ్ల కాడ!

ఆ ప్రశ్న అడిగినవాడు ఒకడున్నాడు. కె.జి. సత్యమూర్తి, మన శివసాగర్. 1931లో కృష్ణా జిల్లాలో దళిత క్రైస్తవ ఇంట పుట్టినాడు. గుంటూరు ఏసీ కాలేజీలో అర్ధాకలితో చదివినాడు. 1980లో కొండపల్లి సీతారామయ్యతో కలిసి పీపుల్స్‌వార్ కట్టినాడు. పార్టీ లోపల కులం మాటెత్తినాడు. ఆ దశకం ముగియకముందే బయట పడినాడు. 2012లో కన్నుమూసినాడు. ఆయన బాల్యం వివరంగా తెలియాలంటే 2017లో ఆయన మేనకోడలు సుజాత గిడ్ల ఇంగ్లీషులో రాసిన పుస్తకం చదవాల్సొచ్చె.

ఇక్కడే ఉంది కిటుకు. మన విప్లవ చరిత్రలో నాయకుని అర్హత 'వదులుకోవడం'. భూమి వదిలినాడు, చదువు వదిలినాడు, కులం పేరు వదిలినాడు. సరే. వదులుకోవడానికి ఏమీ లేనోడు నాయకుడెట్లయితాడు? రెడ్డి తన పేరును తీసేస్తే త్యాగం. నా పేరు నేను తీసేసినా మర్నాడు టీ కొట్టోడు మళ్లీ తగిలిస్తాడు. వాళ్లది వదిలే పేరు. మాది వదలని పేరు.

"నాయకుల కులం లెక్కపెట్టడం సంకుచితం" అంటారు. పుట్టుక వాళ్ల తప్పు కాదు, ఒప్పుకుంటా. పార్టీ తప్పు లెక్కపెడతా. సీపీఐకి దళితుడు ప్రధాన కార్యదర్శి అయింది 2019లో. సీపీఎం పొలిట్‌బ్యూరోలోకి మొదటి దళితుడు వచ్చింది 2022లో, అంటే ఆ పార్టీ పుట్టిన 58 ఏండ్లకు. అన్నేండ్లూ జెండాలు మోసిందెవరు, పలకలు కొట్టిందెవరు?

నేను ఎర్రజెండాను కాల్చమనడం లేదు. నా నోటుబుక్కు ఇంకా దాచుకున్నా. భూమి కావాల, కూలి కావాల. వాటితోపాటు ఆ వసారా లెక్క కూడా తేలాల.

కామ్రేడ్స్, ఈసారి తరగతి మా మాదిగపల్లెలో పెట్టండి. బండలు లేపినోళ్లు పాఠం చెప్తారు, మీరు రాసుకోండి. మా యమ్మ ముసల్దయినా సంగటి కెలుకుతాది. అందరికీ ఒకే వరస. మా కొట్టం చిన్నదే. ఇరుకని మాత్రం ఎవరినీ బయట కూచోబెట్టం.