డెల్టా పిల్లలకు ఆటస్థలమెక్కడ?

2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము నూతన క్రీడావిధానమును ప్రకటించినది. ఒలింపిక్ స్వర్ణపతక విజేతకు ఇచ్చు బహుమానము 75 లక్షల రూపాయలనుండి 7 కోట్లకు పెరిగినది. ప్రభుత్వోద్యోగములలో క్రీడాకారుల వాటా 2 శాతమునుండి 3 శాతమైనది. గెలిచినవారిని గౌరవించుట తగిన పనియే. గెలువవలసిన పిల్లలు ఎచ్చట ఆడుచున్నారన్న ప్రశ్న మాత్రము మచిలీపట్టణము, గుడివాడ, దివిసీమ ప్రాంతములలో ఇంకను తీరలేదు.

ఈ సీమకు క్రీడలలో పేరు లేకపోలేదు. 1932లో లార్డ్స్ మైదానమున భారతదేశపు తొలి టెస్టు జట్టునకు నాయకుడైన కొఠారి కనకయ్య నాయుడుగారి పూర్వులది బందరు. అయితే ఆయన 1895లో నాగపురమున జన్మించి, అచ్చటనే ఆట నేర్చి, హోల్కారు సంస్థానమున కీర్తి గడించిరి. 1987లో గుడివాడలో జన్మించిన కోనేరు హంపి పదునైదేండ్లకే గ్రాండ్‌మాస్టరై, 2019లోను, 2024లోను ప్రపంచ ర్యాపిడ్ చదరంగమున మహిళావిజేతగా నిలిచినది. ఆమెకు తండ్రియే గురువు. చదరంగమునకు ఎకరము నేల అక్కరలేదు గదా! ఇరువురి చరిత్రలలోను ఊరి ఆటస్థలమునకు చోటు లేదు.

అమెరికాలోని ఇండియానా రాష్ట్రపు కథ వేరు. అదియు మొక్కజొన్న పండించు పల్లెసీమయే. కోతలు ముగిసి మంచు కురియు దినములలో అచ్చటి పొలములకు పని యుండదు. పల్లె బాలురు కొట్టముల గోడలకు బుట్ట బిగించి బాస్కెట్‌బాల్ ఆడిరి. 1911నుండి అచ్చట ఉన్నత పాఠశాలలకు రాష్ట్రస్థాయి పోటీ నడచుచున్నది. 1997 వరకు చిన్నబడికిని పెద్దబడికిని ఒకటే పోటీ. 1954లో 161 మంది విద్యార్థులు గల మిలాన్ అను పల్లెబడి, మన్సీ నగరపు పెద్దబడిని 32-30తో ఓడించి రాష్ట్రవిజేత యైనది. (బాలికలకు అట్టి పోటీ 1976లో గాని రాలేదని కూడ చెప్పుకొనవలెను.)

ఇండియానా రైతుబిడ్డకు శీతకాలమున పొలము సెలవిచ్చినది. కృష్ణా డెల్టా పొలము అట్లు సెలవియ్యదు. సార్వా వరి కోతకు ముందే, తడియారని చేలలో మినుములు చల్లుదురు. వరి కోసిన పిదప ఆ మోళ్ల నడుమనే మినుపచేను పెరుగును. సంక్రాంతి సెలవులలో పిల్లలు ఆడుకొందమన్నను చేనిలో అడుగు పెట్టరాదు. మినుము తీసి నూర్చుకొనునప్పటికి పరీక్షలు తలుపు తట్టుచుండును. పొలము బీటలువారి నిజముగా బయలైన నాటికి ఎండ నిప్పులు చెరుగును, బడి మూతపడును. కాలువలకు నీరు వదలగానే మరల దుక్కులు, నాట్లు. నాగాయలంక, కోడూరు వైపు రొయ్యల చెరువులు త్రవ్విన చోట్ల ఆ కొద్దిపాటి వేసవి బయలు కూడ లేదు. చెరువుగట్టుమీద క్రికెట్ ఆడు కుర్రవాని బంతి నీట పడినచో ఆనాటి ఆట ముగిసినట్లే.

కోడిపందెములకు మాత్రము స్థలము దొరకును. వానిని అరికట్టవలసినదని 2016లో హైకోర్టు ఆదేశించిన తరువాత కూడ సంక్రాంతికి డెల్టా తోటలలో బరులు లేచుచునే యున్నవి. మూడు దినముల పందెమునకు దొరకు నేల ఏడాది పొడవున కబడ్డీకి దొరకకుండుట విచిత్రము.

ఇక మిగిలినది బడి ఆవరణ. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రతి బడికిని ఆటస్థలము ఉండవలెనన్నది గాని, అది ఎంత యుండవలెనో చెప్పలేదు. ఆరునుండి ఎనిమిది వరకు తరగతులలో నూరుగురికి మించి పిల్లలున్నచోట వ్యాయామవిద్యకు ఒక బోధకుడు, అదియు రోజులో కొంతసేపే పనిచేయువాడు, ఉండవలెనన్నది. అయిదవ తరగతి వరకు ఆ మాటయే లేదు. పరుగు నేర్వవలసిన వయస్సు మాత్రము అదియే. 2023 డిసెంబరులో ఆరంభమై 2024 ఫిబ్రవరిలో ముగిసిన ‘ఆడుదాం ఆంధ్రా’ పోటీలును పదునైదేండ్లు నిండినవారికే.

ఉన్నత పాఠశాలలో డ్రిల్లు మాస్టరున్నను, డ్రిల్లు పీరియడును లెక్కల మాస్టరు అరువు తీసికొనును. పరీక్షలు దగ్గరపడిన కొలది ఆ అరువు పెరుగునే గాని తీరదు. ఆయనను తప్పుపట్టి ప్రయోజనము లేదు. పదవ తరగతిలో ఎందరు ఉత్తీర్ణులైరని ఆయనను అడుగువారు పలువురు. ఆ పిల్లలు వారమునకు ఎన్ని గంటలు ఆడిరని అడుగువారొకరును లేరు. బడికి అదనపు గది మంజూరైనప్పుడు ముందుగా ముగ్గుపోయుటయు ఆటస్థలములోనే.

ఆ గదిని పాత గదులపై మేడగా కట్టవచ్చును. కబడ్డీకి కావలసినది 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు గల చోటు. అనగా మూడు సెంట్లకు కొంచెము పైన. ఖోఖోకు 27 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు, పదకొండు సెంట్లలోపే.