నట్టు బిగిస్తే పోయే లూజు కాదిది

పాత సైకిలు హ్యాండిల్ కాస్త ఆడుతుంటే మనం పెద్దగా పట్టించుకోం. రెండ్రోజుల్లో చెయ్యి అలవాటు పడిపోతుంది. గ్యారేజీలో సొంతంగా కట్టుకున్న విమానం కంట్రోల్స్‌లో ఆ లూజు ఉంటే మాత్రం అలవాటు పడకూడదు అంటాన్నేను.

గ్యారేజీలో విమానమేంటి అనుకోకండి. అమెరికాలో ఇది మామూలే. వాన్స్ వాళ్ల ఆర్‌వీ కిట్లతో కట్టినవే ఇప్పటికి 10 వేలకు పైగా ఎగిరాయి.

అసలు విషయానికొస్తే, లూజు ఎక్కణ్ణించి వస్తుంది? పావు అంగుళం ఏఎన్4 బోల్టు తీసుకోండి. పేరుకే పావు అంగుళం. స్పెక్ ప్రకారం దాని మందం 0.246 నుంచి 0.249 అంగుళాల మధ్య ఎంతైనా ఉండొచ్చు. ఇక చేతి డ్రిల్లుతో వేసిన రంధ్రం బిట్టు కంటే కాస్త పెద్దదే అవుతుంది. 0.252 అయ్యిందనుకుందాం, బోల్టేమో 0.246. తేడా 6 వేల వంతులు, అంటే 0.15 మిల్లీమీటర్లు. ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఎలివేటర్‌ని కదిపే హార్న్ పొడవు 2 అంగుళాలు, ఎలివేటర్ వెనకంచు హింజికి 10 అంగుళాల దూరంలో ఉంటే, ఆ తేడా అంచు దగ్గర 5 రెట్లవుతుంది. స్టిక్ నుంచి అక్కడిదాకా ఇలాంటి జాయింట్లు నాలుగుంటే, లివర్లన్నీ సమానమనుకున్నా, అంచు 3 మిల్లీమీటర్లు ఊగుతుంది. ఏ జాయింటుకా జాయింటు స్పెక్‌లోనే ఉంది. మన భాషలో చెప్పాలంటే యూనిట్ టెస్టులన్నీ పాస్, ఎండ్ టు ఎండ్ మాత్రం ఎవడూ కొలవలేదు :)

ఆ 3 మిల్లీమీటర్లలో ఎలివేటర్‌ని పట్టి ఉంచేది ఏమీ లేదు. వేగం పెరిగితే గాలే దాన్ని కొట్టుకునేలా చేస్తుంది. ఫ్లటర్ అంటే అదే. కొన్ని క్షణాల్లో తోక ఊడిపోవచ్చు. 2011 సెప్టెంబరులో రెనో ఎయిర్ రేసుల్లో 'గాలపింగ్ ఘోస్ట్' కూలి పైలట్‌తో కలిపి 11 మంది పోయారు. అది కిట్ విమానం కాదు, బాగా మార్పులు చేసిన పాత పీ-51 యుద్ధ విమానం. కానీ దర్యాప్తులో తేలింది చూడండి: అరిగిపోయిన లాక్‌నట్ల వల్ల ట్రిమ్ ట్యాబ్ స్క్రూలు లూజయ్యాయి, ట్యాబ్ పట్టు తగ్గింది, రేసు వేగంలో ఫ్లటర్ వచ్చింది. పరీక్షించని మార్పులూ కారణమేననుకోండి.

నట్టు గట్టిగా బిగిస్తే సరిపోదా? బోల్టే ఇరుసుగా తిరిగే జాయింటులో సరిపోదు. అక్కడ బిగిస్తే కంట్రోల్ పట్టేస్తుంది. అందుకే అలాంటి చోట్ల క్యాజిల్ నట్టు, కాటర్ పిన్ను వేస్తారు. అంటే బిగింపు మీద ఆధారపడలేం, ఫిట్టింగే సరిగ్గా ఉండాలి. రంధ్రం ముందు చిన్నగా డ్రిల్ చేసి రీమర్‌తో సైజుకి తేవాలి. తక్కువ టాలరెన్సుతో వచ్చే ఎన్ఏఎస్ బోల్టు వాడాలి. దాని మరలు రంధ్రంలోకి రాకూడదు, వస్తే ఆకురాయిలా అరగదీస్తాయి. ఇప్పటికే పెద్దదైన రంధ్రమైతే బుష్ వెయ్యొచ్చు. ఇంకా పెద్ద బోల్టుకి వెళ్లేముందు మాత్రం అంచు దగ్గర తగినంత లోహం మిగులుతుందో లేదో కిట్ తయారీదారుని అడగాలి.

"ప్లాన్‌లో ఏఎన్ బోల్టే రాశారు, వేలమంది ఎగరట్లేదా" అంటారు. నిజమే. విమానంలో బోల్టులన్నీ మార్చమని నేననట్లేదు. గట్టిగా బిగించే జాయింట్లకి ఇంత గొడవ అక్కర్లేదు. ఫ్లటర్‌కి మాస్ బ్యాలెన్స్ కూడా ఉండాల్సిందే. మరీ టైటుగా చేసి స్టిక్ ఇరుక్కునేలా చేస్తే లూజు కంటే అదే ప్రమాదం. నేననేది తిరిగే ఆ కొద్ది జాయింట్ల గురించే. ఓ రీమరు, నాలుగు మంచి బోల్టులు, ఒక సాయంత్రం. వేల డాలర్లు పోసి పెద్ద తెరలు పెట్టించుకునేవాళ్లు దీనికి వెనకాడటమే నాకర్థం కాదు.

ఈ విమానాల్లో, ఇది ప్రామాణిక భద్రతా నియమాలకు లోబడి లేదని ప్రయాణికుల కోసం ఒక హెచ్చరిక అంటించి ఉంటుంది. పక్క సీట్లో కూర్చునే భార్యో, స్నేహితుడో అది చదివి కూడా ఎక్కుతారు. వాళ్లు బోల్టులు కొలవరు, కట్టినవాడు కొలిచే ఉంటాడనుకుంటారు.