కాలిన వేళ ఎంత?

2022 మార్చి 23 తెల్లవారుజామున మన బోయిగూడలోని ఒక తుక్కు గోదాములో నిప్పంటుకొని, పై అంతస్తులో నిద్రిస్తున్న బీహారు కార్మికులు పదకొండుగురు మరణించారు. కిటికీలోనుండి దూకిన ఒక్కడు బ్రతికాడు. గాంధీ ఆసుపత్రి అక్కడికి ఎంతో దూరం లేదు. దారిలేని మేడలపై కూలీలను పడుకోబెట్టడాన్ని గురించి పత్రికలు వ్రాశాయి, వ్రాయవలసినదే. మేము చెప్పదలచినది, అటువంటి చోటనుండి ప్రాణాలతో బయటపడినవాని తొలి గంటను గురించి. ఆ గంట వైద్యునికంటె ముందు ఇరుగుపొరుగువారి చేతిలో ఉంటుంది.

మనము చూచేది చర్మాన్ని; వైద్యుడు ముందు చూచేది శ్వాసను. మూసిన గదిలో పొగ పీల్చినవానికి ఒంటిపై బొబ్బ ఒక్కటి లేకున్నా ప్రమాదమే. గొంతు బొంగురుపోవడం, ముక్కులోని వెంట్రుకలు కమరడం, కఫంలో మసి కనబడడం చెడ్డ గుర్తులు. లోపల వాపు పెరిగి కొన్ని గంటలలోనే ఊపిరి ఆడకపోవచ్చు. వ్రేలికి తగిలించే ఆక్సిజన్ యంత్రం కార్బన్ మోనాక్సైడు ఎక్కినవానికి కూడ మంచి అంకెనే చూపి మోసగిస్తుంది. కనుక “మాట్లాడుతున్నాడు గదా” అని ఇంటికి తీసుకొనిపోరాదు.

తరువాత వైశాల్యం. రోగి అరచేయి వ్రేళ్ళతో సహా అతని దేహంలో సుమారు నూటికి ఒక వంతు. ఊరక ఎర్రబడినచోటు లెక్కకు రాదు. 1968లో అమెరికాలోని పార్క్‌లాండ్ ఆసుపత్రి వైద్యుడు చార్లెస్ బాక్స్టర్ ప్రచురించిన లెక్కప్రకారం కిలో బరువుకు, కాలిన ప్రతి వంతుకు 4 మిల్లీలీటర్ల రింగర్ లాక్టేట్ ద్రవం. 50 కిలోల మనిషికి 30 వంతులు కాలితే 6 లీటర్లు. అందులో సగం మొదటి 8 గంటలలో ఎక్కాలి. ఇప్పుడు 2 మిల్లీలీటర్లతో ఆరంభించి, మూత్రం వచ్చే తీరునుబట్టి హెచ్చించే వైద్యులూ ఉన్నారు. ఏ లెక్కయినా ఆ 8 గంటలు ఆసుపత్రి గడప త్రొక్కినప్పటినుండి కావు, కాలినప్పటినుండి. మూడు గంటలు ఆలస్యమైతే మిగిలేవి అయిదే. అందుకే వెంట వచ్చినవారిని వైద్యుడు మొదట అడిగేది, ఎన్ని గంటలకు కాలిందని. చాలమంది ఆ జవాబు చెప్పలేరు.

ఇక ఇంకు, పేస్టు, పసుపు, వెన్న! చదువుకొన్న ఇండ్లలో సైతం ఇవే ముందు పరుగెత్తుకొని వస్తాయి. గాయాన్ని కప్పివేసి వైద్యుని కంటికి లోతు తెలియనీయవు. కావలసినది ఇరువది నిమిషాల కుళాయి నీరు, మంచుగడ్డ కాదు. దేహం చాలభాగం కాలినవాడు, పసిబిడ్డ చలికి వణకకుండ చూచుకోవాలి. వాపు రాకముందే ఉంగరాలు, గాజులు తీయాలి. శుభ్రమైన గుడ్డ కప్పి 108కి కబురు చేయాలి.

కళాశాల కార్యవర్గానికి మా విన్నపం ఒకటే. బోయిగూడ గోదాములలోని బీహారు కూలీలకు తెలుగు రాదు, కాని మన ఉర్దూ విద్యార్థుల మాట అర్థమవుతుంది. ఈ సౌకర్యం ఎన్ని కళాశాలలకు ఉన్నది? ఆసుపత్రి వైద్యునొకరిని పిలిపించి ఒక్క ఆదివారం మాకు శిక్షణ ఇప్పిస్తే, మరుసటి ఆదివారం ఆ మేడమెట్లు మేమెక్కుతాము.